మీ చెరువుల ఆటకు స్టీమ్ పేజీ: బొమ్మలో తూము ఎక్కడ?

ప్రశ్న క్లుప్తంగా ఇది. హనుమకొండకు చెందిన అన్నాచెల్లెళ్లు ఇద్దరు గొలుసుకట్టు చెరువుల మీద ఒక పజిల్ ఆట తయారు చేశారు. అన్న ప్రోగ్రాం రాస్తాడు, చెల్లెలు బొమ్మలు వేస్తుంది. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ‘త్వరలో’ అన్న పేజీ తెరిచి కొన్ని నెలలైంది. పేజీ బొమ్మ చాలామంది కంట పడుతోంది కానీ నొక్కి లోపలికి వస్తున్నవారు తక్కువ. వచ్చినవారిలో విష్‌లిస్ట్‌లో, అంటే తర్వాత కొనాలనుకునే ఆటల జాబితాలో, పెట్టుకుంటున్నవారు ఇంకా తక్కువ. ‘బొమ్మ మార్చాలా, రాత మార్చాలా, లేక మన కథే బయటివాళ్లకు పట్టదా?’ అని అడిగారు.

మూడో అనుమానాన్ని ముందే తీసి పక్కన పెట్టండి. 2023లో వచ్చిన ‘వెంబా’ కెనడాకు వలస వెళ్లిన ఒక తమిళ కుటుంబం కథ. ఇడ్లీ పేరు ఎన్నడూ వినని దేశాల వాళ్లు కూడా దాన్ని ఆడారు. అందులో చేయవలసిన పని వంట, వంట ఎవరికైనా అర్థమవుతుంది. పుణేలో తయారైన ‘రాజీ’ 2020లో మన పురాణాలను నమ్ముకునే వచ్చింది. కథ ఎక్కడిదన్నది కొనేవాడికి అడ్డు కాదు. ఈ ఆటలో తన చేతికి పనేమిటో తెలియకపోవడమే అడ్డు.

మీ డెమో ఆడాను. కాజీపేటలో కూర్చుని చిన్న స్టూడియోల ఆటలకు పేజీ బొమ్మలూ రాతలూ చేయడం చాలా ఏళ్లుగా నా వృత్తి కాబట్టి కొంచెం కఠినంగానే ఆడాను. పై చెరువు నిండుతుంటే, కింది ఊళ్లో నారు ఎండుతుంటే, ఏ తూము ముందు ఎత్తాలో తేలక చెయ్యి ఆగిపోయే ఘట్టం ఒకటుంది. అక్కడ నాకు నిజంగా గుండె దడదడలాడింది. చెరువు నిండి నీళ్లు పొర్లే చోట, మత్తడి దూకే చప్పుడు కూడా బాగా కుదిరింది. తర్వాత మీ స్టోర్ పేజీ తెరిచాను. అందులో కాకతీయులు ఉన్నారు, వైభవం ఉంది, శిల్పం ఉంది. నేను ఆడిన ఆట మాత్రం లేదు. మీ సమస్య మొత్తం ఇదే. ఇక నేను చెప్పేదంతా దాన్ని ఎక్కడెక్కడ సరిదిద్దాలన్నదే.

ముందు మీ అంకెల గురించి. బొమ్మ చూసి నొక్కకపోతే లోపం బొమ్మలో ఉంది. లోపలికి వచ్చి వెనుదిరిగితే లోపం పేజీలో ఉంది. మీకు రెండూ ఉన్నాయి, కానీ వాటిని కలిపి చూడకండి. స్టీమ్ ఇచ్చే రాకపోకల నివేదికలో ఒక్కో చోటి లెక్క విడిగా ఉంటుంది. వెతుకులాట జాబితాలో దొర్లిపోయే వందల బొమ్మల మధ్య కనబడటం వేరు, మీలాంటి పజిల్ ఆట పేజీ అడుగున ‘ఇలాంటివే మరికొన్ని’ వరుసలో కనబడటం వేరు. రెండో చోట చూస్తున్నవాడు అప్పటికే పజిల్ ఆటల మనిషి. వాడు కూడా నొక్కడం లేదంటే బొమ్మ మార్చక తప్పదు. మీరు పంపిన పట్టికలో జరుగుతున్నది సరిగ్గా అదే.

ఇక బొమ్మ. స్టీమ్‌లో దీన్ని క్యాప్సూల్ అంటారు. మీ క్యాప్సూల్‌లో రాత్రి ఆకాశం, నీలి వెన్నెల, మధ్యలో కాకతీయ కళాతోరణం నీడ, దాని కింద బంగారు రంగులో నాలుగు పదాల పేరు. మీ చెల్లెలి చేతిలో పనితనం ఉందని ఆ తోరణం చెక్కడాలు చూస్తేనే తెలుస్తోంది. అయినా ఆ తోరణాన్ని తీసేయమంటాను.

ఎందుకో చెబుతాను. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో తోరణం ఉంది. కార్యాలయాల బోర్డుల మీద, కాగితాల మీద నిత్యం చూస్తాం. వరంగల్ వాడికి అది కొత్తగా ఏదీ చెప్పదు. బ్రెజిల్‌లోనో పోలండ్‌లోనో ఉన్నవాడికి అది ఒక రాతి ద్వారం, అంతే. ద్వారం కనబడితే వాడు ఏమనుకుంటాడు? లోపలికి వెళ్లి కత్తి తిప్పే సాహసగాథ అనుకుంటాడు. అలాంటి ఆటలు కోరుకునేవాడు నొక్కి, లోపల తూములూ కాలువలూ చూసి వెళ్లిపోతాడు. పజిల్ ఆట కోరుకునేవాడు అసలు నొక్కడు. తప్పు మనిషిని పిలిచి, సరైన మనిషిని పంపేసే బొమ్మ అది. అందంగా ఉండటం వల్ల నష్టం ఇంకా పెరిగింది.

మీ ఆటలో ఆడేవాడు నీరటి. చెరువు నీళ్లు ఎవరి పొలానికి ఎప్పుడు వదలాలో చూసే మనిషి. ఇంతకంటే మంచి కథానాయకుడు ఎవరికి దొరుకుతాడు? మీ క్యాప్సూల్‌లో అతను ఎక్కడా లేడు. అతన్ని తీసుకొచ్చి బొమ్మ మధ్యలో పెట్టండి. కట్ట మీద వంగి, రెండు చేతులతో తూము కర్రను పైకి లాగుతుంటాడు. అతని వెనక కట్ట అంచు వరకూ ఎగదన్నిన నీళ్లు. ముందు, కింద, పగుళ్లు విచ్చిన మడి. నీళ్లు తూములోంచి అప్పుడే బయటికి దూకాయి, మడిని ఇంకా చేరలేదు. ఒక్క చూపులో మూడు సంగతులు తెలిసిపోతాయి: నీళ్లు ఎక్కువైతే ప్రమాదం, నీళ్లు లేకపోతే నష్టం, మధ్యలో ఉన్నది నువ్వు. ముఖం పెద్దదిగా, భావం స్పష్టంగా ఉండాలి. అతను నవ్వకూడదు. ఒక కన్ను కట్ట మీద ఉన్నట్టు, ఆదుర్దాగా ఉండాలి.

రంగు సంగతి మరీ ముఖ్యం. స్టీమ్ పేజీల నేపథ్యం ముదురు నీలం. మీ బొమ్మ కూడా ముదురు నీలం. నీళ్ల ఆట కాబట్టి నీలం వాడాలన్న ఆలోచన మొదట ఎవరికైనా వస్తుంది, అందుకే నీళ్లతో సంబంధమున్న ఆటలు చాలావరకు నీలంగానే ఉంటాయి. కానీ మన దగ్గర తొలకరి తర్వాత చెరువులోకి వచ్చే కొత్త నీరు ఏ రంగులో ఉంటుంది? ఎర్రగా, బురద కలిసి, టీ రంగులో. ఆ నీటినే గీయండి. ఎర్ర నీరు, లేత పసుపు ఎండ, మధ్యలో ఒకే ఒక్క మడి పచ్చగా. ఇది నిజానికి దగ్గరగా ఉంటుంది, స్టీమ్ నీలం మీద నిప్పులా కనబడుతుంది, పక్కనున్న ఆటల్లో ఏదీ ఇలా ఉండదు. చేర్యాల నకాషీ పటాల్లో నేపథ్యం ఎర్రగా నింపడం చూసే ఉంటారు. పటాన్ని వేలాడదీసి కథకుడు పాడుతూ చూపిస్తుంటే, దూరంగా నేల మీద కూర్చున్నవాడికి కూడా ఎవరు ఎవరో తెలియాలి. ఎర్ర నేల మీద నల్లటి గీతతో చుట్టిన పెద్ద బొమ్మలు ఆ పనికి బాగా పనికొస్తాయి. క్యాప్సూల్‌కు కావలసింది కూడా అదే: తక్కువ మనుషులు, మందమైన గీత, ఒకే నేపథ్యపు రంగు.

దూరం నుంచి చూడటమన్నది ఇక్కడ మాటవరసకు అన్నది కాదు. స్టీమ్ ఇప్పుడు అడిగే హెడర్ క్యాప్సూల్ 920×430 పిక్సెళ్లు, మెయిన్ క్యాప్సూల్ 1232×706, నిలువు క్యాప్సూల్ 748×896, చిన్న క్యాప్సూల్ 462×174. మీరు మెయిన్ క్యాప్సూల్‌ను పెద్ద తెరమీద గీసి, దాన్నే నొక్కి కుదించి మిగతా వాటిలో పెట్టారు. చిన్న క్యాప్సూల్‌ను స్టీమ్ కొన్ని చోట్ల 120×45 వరకూ కుదించి చూపిస్తుంది. గోటి కంటే కొంచెం పెద్దది. అందులో మీ తోరణం ఒక మరక, మీ నాలుగు పదాల పేరు ఒక గీత. చిన్న క్యాప్సూల్‌కు వేరే కూర్పు చేయండి. అందులో మనిషి అక్కర్లేదు, దృశ్యం అక్కర్లేదు. ఎర్ర నేల, పేరు, పేరుకు ఆనుకుని ఒక నీటి ధార చాలు. పేరు దాదాపు డబ్బా అంతా నిండాలి. నిలువు క్యాప్సూల్‌కు కూడా వేరే కూర్పు కావాలి. అందులో నీరటిని పైన, మడిని కింద పెట్టి నీళ్లు పై నుంచి కిందికి దూకేలా గీయవచ్చు. మీ కథకు నిలువు చట్రమే ఎక్కువ నప్పుతుంది, చెరువుల గొలుసు ఎటూ మెట్లు మెట్లుగా కిందికే దిగుతుంది కదా.

పేరులో నాలుగు పదాలు ఎక్కువ. చట్టపరంగా పేరు మార్చనక్కర్లేదు, మొదటి రెండు పదాలను పెద్దవిగా, మిగిలిన రెంటినీ వాటి కింద ఉపశీర్షికగా చిన్నవిగా వేయండి. ఆ బంగారు అంచులు, అక్షరాల్లోని తీగలు తీసేయండి. పేరు పక్కనే తెలుగులోనూ రాశారు. ఆ మమకారం నాకూ ఉంది. కానీ స్టీమ్ దుకాణానికి తెలుగు ముఖం లేదు. వేర్వేరు భాషలవారికి వేర్వేరు క్యాప్సూళ్లు పెట్టే వీలు ఉన్నా, తెలుగువారికని విడిగా పెట్టే అవకాశం అక్కడ లేదు. ఉన్న ఒక్క డబ్బాలో రెండు లిపులను కుక్కితే రెండూ చదవడానికి వీల్లేకుండా పోతాయి. మన వత్తులు, గుడులు ఆ పరిమాణంలో ముందే కలిసిపోతాయి. తెలుగు పేరును ఆట మొదటి తెర మీద, ట్రైలర్ చివర నిండుగా పెట్టుకోండి. డబ్బు ఖర్చు పెట్టదలిస్తే బొమ్మకు కాదు, పేరు అక్షరాలు దిద్దే మనిషికి పెట్టండి. బొమ్మ మీ చెల్లెలు వేయగలదు. అక్షరాలు దిద్దడం వేరే విద్య.

ఒక చిన్న హెచ్చరిక. మీ క్యాప్సూల్ మూలన ఒక కళాశాల పోటీలో వచ్చిన బహుమతి ముద్ర ఉంది. 2022 సెప్టెంబరు 1 నుంచి స్టీమ్ నియమం మారింది. క్యాప్సూల్ మీద ఆట బొమ్మ, పేరు, అధికారిక ఉపశీర్షిక తప్ప మరేమీ ఉండకూడదు. బహుమతులు, సమీక్షల మార్కులు, తగ్గింపు ప్రకటనలు నిషిద్ధం. ఉంచితే దుకాణంలో కనబడే చోట్లు తగ్గే ప్రమాదం ఉంది. ఆ ముద్ర వల్ల ఎటూ ఒక్కరు కూడా అదనంగా నొక్కరు.

స్క్రీన్‌షాట్లకు వద్దాం. స్టీమ్ కనీసం అయిదు అడుగుతుంది, 1920×1080లో పెట్టమంటుంది. మీరు పది పెట్టారు. మొదటిది ఆట మొదటి మెనూ. రెండోది పాత్రల సంభాషణ. మూడోది రామప్ప గుడిని పోలిన గుడి ముందు ఖాళీ దృశ్యం. అసలు పజిల్ ఆరో దాంట్లో కనబడింది. జాబితాలో మీ బొమ్మ మీద మౌస్ నిలిపినవాడికి ఒక చిన్న కిటికీ తెరుచుకుని కొన్ని స్క్రీన్‌షాట్లు తిరుగుతాయి. అక్కడ వాడు చూసేది మొదటి నాలుగే. ఆరో దాకా ఎవరూ ఆగరు.

మొదటి నాలుగింటి వరుస నేనైతే ఇలా పెడతాను. మొదటిది, రెండు చెరువులు, మూడు పొలాలు ఉన్న మామూలు లెవెల్, సగం ఆటలో, ఒక తూము తెరిచి ఒకటి మూసి ఉన్నప్పటిది. చూసినవాడికి తనంతట తానే ‘ఆ కుడి పక్కది కూడా తెరిస్తే?’ అనిపించాలి. పజిల్ ఆటకు ఇంతకంటే మంచి ప్రకటన లేదు. రెండోది, కట్టకు గండి పడ్డ దృశ్యం. ఓడిపోతే ఏమవుతుందో చూపించడానికి చాలామంది జంకుతారు, అలా జంకనక్కర్లేదు. మూడోది, చివరి లెవెళ్లలో గొలుసు మొత్తం కనబడే పెద్ద పటం, అబ్బో ఇంత దూరం వెళుతుందా అనిపించేది. నాలుగోది వేరే రుతువు. వేసవిలో అడుగంటిన చెరువు, శిఖం నేల, అంటే చెరువు అడుగు, నెర్రెలు బారి, నీరు ఒక మూలకు చేరి ఉన్నది. నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే రంగులు వేరువేరుగా ఉండాలి. ఒకే పచ్చ నాలుగుసార్లు కనబడితే ఆట చిన్నదనుకుంటారు.

బటన్లు, కొలతలు, నీటి మట్టం చూపే గీతలు దాచకండి. మీరు వాటిని తీసేసి ‘శుభ్రమైన’ చిత్రాలు పెట్టారు. పోరాట ఆటకు అది చెల్లుతుందేమో, పజిల్ ఆటకు ఆ గీతలే ఆట. చిత్రం మీద ప్రచార వాక్యాలు అతికించడం కూడా మానేయండి. స్క్రీన్‌షాట్ అంటే ఆటలో నిజంగా కనబడేదే అయి ఉండాలన్నది స్టీమ్ నియమం కూడా.

ట్రైలర్ గురించి ఎక్కువ చెప్పను. నల్ల తెర, స్టూడియో ముద్ర, పొగమంచు, శిల్పాల మీద నెమ్మదిగా కదిలే కెమెరా, సన్నాయి. ఆట కనబడేసరికి చూసేవాడు ట్రైలర్‌ను ముందుకు జరిపేసి ఉంటాడు. మొదటి క్షణంలోనే ఒక చెయ్యి తూము ఎత్తాలి, నీళ్లు దూకాలి. శబ్దం ఆపేసి చూసినా అర్థమవ్వాలి, చాలామంది అలాగే చూస్తారు. స్టూడియో ముద్ర చివరకు. సన్నాయి ఉంచండి, బాగుంది.

ఇక రాత. పేజీ కుడి పక్కన, హెడర్ బొమ్మ కింద కనబడే చిన్న వివరణకు సుమారు 300 అక్షరాల చోటు ఉంటుంది. మీరు రాసింది తెలుగులో చెబితే ఇలా ఉంది: ‘కాకతీయుల స్వర్ణయుగంలోకి అడుగు పెట్టండి. చరిత్ర, ప్రకృతి, మానవత్వం కలగలిసిన మరపురాని ప్రయాణంలో మీ విధిని మీరే రాసుకోండి.’ ఈ వాక్యాలను ఏ ఆట పేజీలోనైనా అతికించవచ్చు. కాకతీయుల బదులు మరొక వంశం పేరు పెడితే మరొక ఆటకు సరిపోతుంది. అలా సరిపోయే వాక్యం ఏదైనా సరే కొట్టేయండి.

నేనైతే ఇలా మొదలుపెడతాను: ‘వాన ఆగలేదు, పై చెరువు నిండింది. తూములు తెరిచి, మూసి, కట్టకు గండి పడకముందే నీటిని కింది ఊళ్లకు చేర్చండి. ఒక ఊరి మడి తడిపితే మరో ఊరి నారు ఎండుతుంది. ఎవరికి ముందు ఇవ్వాలో తేల్చేది మీరే. తొందరపెట్టే గడియారం లేని, ఒక్కరే ఆడుకునే పజిల్ ఆట.’ ఇందులో మొదటి వాక్యం పరిస్థితి. రెండోది చేతి పని. మూడోది, నాలుగోది చిక్కు. అయిదోది ఎవరి కోసమో, ఎలాంటి ఆటో. ఇంగ్లీషులో రాసేటప్పుడు కూడా ఇదే వరుస ఉంచండి, కానీ దీన్ని ఎదురుగా పెట్టుకుని మాటకు మాట మార్చకండి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న, పజిల్ ఆటలు ఆడే ఒకరికి డెమో ఇచ్చి, ‘నీ స్నేహితుడికి దీని గురించి రెండు ముక్కల్లో చెప్పు’ అని అడిగి, అతను వాడిన క్రియాపదాలను తెచ్చుకోండి. విశేషణాలు వద్దు. ‘అద్భుతమైన’, ‘ప్రత్యేకమైన’, ‘మనోహరమైన’ అన్న మూడు మాటలు మీ పేజీలో కలిపి చాలాసార్లు వచ్చాయి. మనోహరమో కాదో బొమ్మ చెబుతుంది.

కింద ఉండే పెద్ద వివరణలో మీరు చరిత్ర పాఠం రాశారు. చదవడానికి బాగుంది, నాకు నచ్చింది, కానీ నేను వరంగల్ వాడిని. దాన్ని చివరకు దించి రెండు మూడు వాక్యాలు చేయండి. పైన మూడు చిన్న ముక్కలు, ఒక్కో దానికి ఒక కదిలే బొమ్మ: తూము ఎలా పనిచేస్తుంది, ఊళ్లవాళ్లు ఎలా పంచాయితీకి వస్తారు, వరద వస్తే ఏమవుతుంది. కదిలే బొమ్మలు బరువుగా ఉంటే పేజీ తెరుచుకోదు, చిన్నవిగా కత్తిరించండి. మీ వివరణలో ఉన్న బయటి లింకులు తీసేయాలి, 2024 నుంచి స్టీమ్ వాటిని ఆ చోట ఒప్పుకోవడం లేదు. వాటికి వేరే గడులు ఉన్నాయి.

చరిత్ర వాక్యాలు క్లుప్తం చేసేటప్పుడు కొంచెం జాగ్రత్త. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలానివని చెప్పండి, చాలు. రామప్ప గుడి 1213 నాటిది, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇవి నిలబడే వాస్తవాలు. ‘ప్రపంచంలోనే మొట్టమొదటి నీటి విధానం’ అని మీరు రాసింది నిలబడదు. పరాయి దేశపు చరిత్ర విద్యార్థి ఒకడు చర్చా విభాగంలో దాన్ని పట్టుకుంటే, ఆట గురించి మాట్లాడవలసిన చోట ఆ వాదన నడుస్తుంది. అతిశయోక్తి లేకపోయినా ఆ చెరువులు గొప్పవే.

నకాషీ శైలి గురించి కూడా అడిగారు కాబట్టి చెబుతున్నాను. అధ్యాయాల మధ్య పటాలు ఆ శైలిలో ఉంటే ఆటకు ఎంతో శోభ వస్తుంది. కానీ అలా చేయాలంటే ఆ పని తరతరాలుగా చేస్తున్న కుటుంబాల చేతనే గీయించండి. చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు ఉంది, మీరే ఆ తీరులో నాలుగు గీతలు గీసి ‘చేర్యాల కళ’ అని పేజీలో రాయడం సరికాదు. గీయిస్తే, ఆటలోనూ ప్రచారంలోనూ వాడుకునే హక్కు ఎంతవరకో, ఎంత పారితోషికమో కాగితం మీద రాసుకోండి, పేజీలోనూ ఆటలోనూ వారి పేరు వేయండి. కంప్యూటర్ చేత ఆ శైలిలో బొమ్మలు పుట్టించాలన్న ఆలోచన మాత్రం పూర్తిగా మానుకోండి. కృత్రిమ మేధతో తయారైన బొమ్మలు ఆటలో ఉంటే స్టీమ్‌కు ఆ సంగతి తెలపాలి, అది పేజీలో అందరికీ కనబడుతుంది. చేత్తో ఇంత బాగా గీసే చెల్లెలు ఇంట్లో ఉండగా ఆ వాక్యాన్ని మీ పేజీ మీదికి ఎందుకు తెచ్చుకోవాలి?

ట్యాగుల గురించి, అంటే ఆట ఏ రకమో చెప్పే గుర్తుమాటల గురించి, ఒకే మాట. ఇరవై వరకూ పెట్టవచ్చు, వరుస ముఖ్యం. ‘చరిత్ర’, ‘సాహసం’ మీవాటిలో మొదట ఉన్నాయి. పజిల్, తర్కం, నీటి నిర్వహణకు దగ్గరగా ఉండేవి, ఒక్కరే ఆడేది, ఇవి పైకి రావాలి. ‘ఇలాంటివే మరికొన్ని’ వరుసలో మిమ్మల్ని ఎవరి పక్కన కూర్చోబెట్టాలో స్టీమ్ చూసేది ముఖ్యంగా వీటినే. ధర గురించి అడిగారు, అది ఇప్పుడే తేల్చనక్కర్లేదు.

ఫోన్ల మీద కూడా వదలాలనుకుంటున్నారు కదా, అక్కడ కథ తిరగబడుతుంది. గూగుల్ ప్లేలో తెలుగులో పేజీ పెట్టుకునే వీలుంది, తప్పకుండా పెట్టండి. పేరుకు 30 అక్షరాలు, చిన్న వివరణకు 80. తెలుగులో గుణింతాలు, వత్తులు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి చోటు అనుకున్న దానికంటే చాలా త్వరగా అయిపోతుంది. అందుకే అక్కడ ‘తూము ఎత్తు, ఊరు తడుపు’ లాంటి పొట్టి వాక్యమే నడుస్తుంది. చతురస్రపు గుర్తు 512×512, పైన అడ్డంగా కనబడే బొమ్మ 1024×500. గుర్తులో నీరటి ముఖం మాత్రమే ఉంచండి, పేరు వద్దు. ‘నంబర్ వన్’, ‘ఉచితం’ లాంటి మాటలు పేరులోనూ గుర్తులోనూ పెట్టనివ్వరు. అక్కడ ఒక సౌకర్యం స్టీమ్‌లో లేనిది ఉంది: రెండు రకాల బొమ్మలను వేర్వేరు జనానికి చూపించి ఏది బాగా పనిచేసిందో ప్లేనే లెక్క చెబుతుంది. మీ ఖాతా వ్యక్తిగతమైనదై, 2023 నవంబరు 13 తర్వాత తెరిచినదైతే, విడుదలకు ముందు 12 మంది చేత వరుసగా 14 రోజుల పాటు పరీక్షింపజేయాలి. వాళ్లను ఇప్పటి నుంచే వెతుక్కోండి.

స్టీమ్‌లో అలాంటి సౌకర్యం లేదు కాబట్టి చేత్తో పరీక్ష చేయాలి. కొత్త క్యాప్సూల్‌ను అదే ట్యాగులున్న పది ఆటల క్యాప్సూళ్ల మధ్య అతికించి, ఫోను తెర మీద అసలు పరిమాణంలో పెట్టి, ఆట గురించి బొత్తిగా తెలియనివారికి చూపించండి. ఒక్క క్షణం చూపించి మూసేసి, ‘ఏం గుర్తుంది? అందులో ఆడేవాడు ఏం చేస్తాడనుకుంటున్నావు?’ అని మాత్రమే అడగండి. బాగుందా అని అడగవద్దు, అందరూ బాగుందనే అంటారు. ఎన్‌ఐటీ హాస్టళ్లలో స్టీమ్ ఆటలు ఆడే పిల్లలకు కొదవ లేదు, మీ స్నేహితులను వదిలి వాళ్ల దగ్గరికి వెళ్లండి. పది మందిలో ఎక్కువమంది ‘నీళ్లు వదులుతాడు’ అనే దాకా బొమ్మ మార్చుతూ ఉండండి. ‘కోట’, ‘రాజు’, ‘యుద్ధం’ అన్న మాటలు వస్తే తోరణం ఇంకా ఎక్కడో మిగిలి ఉందన్నమాట.

మార్పులన్నీ ఒకే రోజు చేయకండి. ముందు క్యాప్సూళ్లు మార్చి, తేదీ రాసి పెట్టుకుని, కొన్ని వారాలు నొక్కినవారి లెక్క చూడండి. తర్వాత స్క్రీన్‌షాట్ల వరుస, చిన్న వివరణ కలిపి మార్చి విష్‌లిస్ట్ లెక్క చూడండి. ట్రైలర్ చివర. విష్‌లిస్ట్‌లో పెట్టుకున్నవారికి విడుదల రోజున స్టీమ్ తానే మెయిల్ పంపుతుంది కాబట్టి, విడుదలకు ముందు గడిచే ఈ నెలల్లో పేజీ సరిగా లేకపోతే ఆ రోజు పిలవడానికి మనుషులు ఉండరు.

డెమోల పండుగ నెక్స్ట్ ఫెస్ట్‌లో పాల్గొంటామని రాశారు. అది ఏడాదికి మూడుసార్లు వస్తుంది, కానీ ఒక ఆటకు జీవితంలో ఒక్కసారే అవకాశం. ఇప్పుడున్న పేజీతో వచ్చే విడతకు వెళ్లవద్దు. నీరటి బొమ్మ పూర్తయి, హాస్టల్ పరీక్ష నెగ్గాక, ఆ తర్వాతి విడతకు పేరు నమోదు చేసుకోండి.